పెద్దయ్య కుడి చెయ్యి

ముంబై నాగ్‌పాడాలో అతుల్ గ్యారేజీకి ఎదురుగా ఉన్న స్పేర్ పార్టుల కొట్లో పనిచేస్తాను. మా కౌంటరు వెనక నిలబడితే గ్యారేజీ లోపలి గోడ దాకా కనిపిస్తుంది. అందువల్ల అక్కడి పాత మెకానిక్ పెద్దయ్య కాకను రోజుకు పది గంటలు చూసేవాణ్ణి. కామాటిపురాలో మేముండే చాల్ వరసగా ఒంటిగదులున్న పాత మేడ; అందులో ఆయన ఖోలీ మా ఖోలీకి మూడు తలుపుల అవతల ఉంది. అక్కడ మాత్రం ఆయన్ని చూసింది తక్కువ. చాల్‌లో ఒక్కడే ఉండే ముసలాయన తలుపు ఎవరు తడతారు?

ఆయన తాత పాలమూరు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో రాళ్ళు మోశాడు. తల్లి రాజవ్వ ఇళ్ళకు సున్నం వేసేది. దాదర్‌లో తెలుగువాళ్ళ సభ జరిగినప్పుడల్లా ముంబైని కట్టింది మనమేనని ఎవరో ఒకరు మైకులో అంటారు. అన్నవాళ్ళకే శాలువా కప్పుతారు. పెద్దయ్యకు ఆ సభ ఏ రోజు జరుగుతుందో కూడా తెలియదు. పదిహేనేళ్ళప్పుడు అతుల్ తండ్రి దగ్గర పనికి చేరి, నలభై నాలుగేళ్ళు అదే షెడ్డులో ఉండిపోయాడు.

ఆయన పేరంతా ఆ కుడి చేతిలోనే ఉండేది. నడుస్తున్న ఇంజిన్ మీద అంగుళం ఎత్తున అరచెయ్యి మెల్లగా తిప్పేవాడు. నీళ్ళు ఎక్కడి దాకా వస్తున్నాయో, పొగ ఏ సందులోంచి కారుతోందో, ఫ్యాను గాలి ఎటు కొడుతోందో ఆ అరచెయ్యే చెప్పేది. విప్పి చూస్తే ఆయన అన్నట్టే ఉండేది. చివరికి గ్యారేజీలో అదొక ఆచారమైంది. ఎవరు ఏ పని చేసినా ఆఖరున పెద్దయ్య వచ్చి చెయ్యి పెట్టాలి, తల ఊపాలి, అప్పుడే మూత మూయాలి. ఆ తర్వాత ఇంకెవరూ ఏదీ పరీక్షించరు.

భార్య రత్నాబాయి పోయి నాలుగేళ్ళయింది. కూతురు స్నేహల్ నాలాసోపారాలో ఉంటుంది. ఫోన్‌లో మరాఠీలో మాట్లాడుతుంది, ఆయనా మరాఠీలోనే జవాబు చెబుతాడు. రోజంతా హిందీ, సాయంత్రం మరాఠీ. తెలుగు మాత్రం నాతో, అదీ రెండు ముక్కలు: “తిన్నవా?” “తిన్న కాకా.” అంతటితో సరి. భార్య పోయాక ఆయన గిన్నెల అంచుల మీద సున్నం చుక్కలు కనిపించసాగాయి. కొళాయి దగ్గర ఆడవాళ్ళు అవి దిష్టి చుక్కలని తేల్చేశారు. నాలుగు పుస్తకాలు చదివిన గర్వంతో నేనూ నవ్వుకున్నాను.

పోయిన అక్టోబరులో ఒక కారు మూడోసారి తిరిగి వచ్చింది. పాతికేళ్ళ కిందటి జపాను కారు, రెండే సీట్లు, వాటి వెనకే ఇంజిన్. దాదర్‌లో పళ్ళ డాక్టరు మేఘాది. ఆవిడ తండ్రి ముచ్చటపడి కొని, వదిలి వెళ్ళిన బండి. దానికి టర్బో ఉంది. ఇంజిన్ వదిలే పొగతో గిర్రున తిరిగి, మళ్ళీ ఇంజిన్‌లోకే గాలి తోసే చక్రమది. బాగా పనిచేస్తే నిప్పులా కాలుతుంది. ఆ వేడిని పైకి లాగి పారేయడానికి వెనక మూతకు జాలీ, జాలీ కింద ఫ్యాను ఉన్నాయి. ఏప్రిల్‌లో ఆ ఫ్యాను కాలిపోతే చోర్‌బజార్ నుంచి వేరే బండి ఫ్యాను తెచ్చి బిగించారు. అది తిరుగుతూనే ఉంది కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు.

కారు రోగం వింతగా ఉండేది. ఖాళీ రోడ్డు మీద బాగానే పరిగెత్తేది. ట్రాఫిక్‌లో పావుగంట నిలబడితే చచ్చిపోయేది. నీళ్ళ వేడి చూపించే ముల్లు మాత్రం మధ్యలోనే ఉండేది. అతుల్ మొదటిసారి నీళ్ళ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మార్చాడు, రెండోసారి నీళ్ళ పంపు మార్చాడు. బండి రోగం చదివి చెప్పే స్కానరు కొత్తగా కొన్నాడు, అది తగిలించబోతే, ఆ పాత బండికి అది పట్టనే లేదు. మూడోసారి ఫ్లైఓవర్ మీద ఆగిపోయి వెనక నుంచి కాలిన వాసన వచ్చిందట. బండి దిగి పరిగెత్తానని మేఘా చెప్పింది. ఆవిడ అటు వెళ్ళి కూర్చున్నాక అతుల్ పెద్దయ్యతో అన్న మాట నాకు రోడ్డు ఇవతలికి వినిపించింది. నాలుగోసారి ఈ బండి వస్తే నువ్వు ఇంట్లో కూర్చో కాకా అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఒక సెన్సార్ ఇవ్వడానికి వెళ్ళేసరికి పెద్దయ్య సంచిలోంచి సున్నం డబ్బా తీస్తున్నాడు. తడి సున్నాన్ని పుల్లతో ఇంజిన్ చుట్టూ చుక్కలుగా పెడుతున్నాడు. మూత లోపలి వైపు, పక్క రేకుల మీద, ఇంజిన్ లోపల మంట పుట్టించే కరెంటు డబ్బా దగ్గర, వెనక గోడ మీద, అన్నీ కలిపి ముప్పై చుక్కలుంటాయి.

“క్యా కాకా, పాన్‌పట్టీ ఖోల్ రహే?” అన్నాడు అతుల్, పాన్ కొట్టు తెరుస్తున్నావా అని. పనివాళ్ళు నవ్వారు.

పెద్దయ్య నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి చెప్పాడు. “మా అవ్వ నేర్పింది. తడి సున్నం బూడిద రంగుంటది, ఆరితే తెల్లగైతది. ఇంట్ల ఏ గోడకు ఎండ తగుల్తదో సున్నమే చెప్తుండె. ఈడ గూడ గంతే. ఏడ ముందు తెల్లవడ్తే ఆడ వేడి.”

చేత్తో చూసే మనిషికి ఇప్పుడు సున్నం ఎందుకని నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది.

ఇంజిన్ నడిపి, మూత మూసి, పావుగంట ఉంచారు. తెరిచి చూస్తే వెనక గోడా, కరెంటు డబ్బా పక్క రేకూ పాలలా తెల్లబడ్డాయి. జాలీ కింద చుక్కలు మాత్రం పెట్టినప్పటిలాగే తడిగా ఉన్నాయి.

“ఈడ తడి ఉండొద్దు ప్రతీకూ,” అన్నాడు నాతో మెల్లగా. “వేడి పైకి పోవాలె గదా. ఇది మొదలు ఆరాలె.”

మూత మళ్ళీ మూయించి ఫ్యాను తిరుగుతుండగా నా చేతిలోని బిల్లు పేపరు ముక్క అడిగి జాలీ మీద వదిలాడు. అది ఎగిరిపోలేదు, జాలీకి కరుచుకుపోయింది. ఫ్యాను గాలిని పైకి లాగడం లేదు, కిందికి తోస్తోంది. టర్బో వేడినంతా తీసుకెళ్ళి కరెంటు డబ్బా మీద పోస్తోంది, అది కాగిపోతే ఇంజిన్ ఆగిపోతోంది. రెండు వైర్లు అటుదిటు తగిలించినందుకు ఆరు నెలల రోగం.

అతుల్‌కు అర్థమవడానికి క్షణం పట్టలేదు. వెంటనే రితేశ్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. రితేశ్ వాళ్ళ పాత ఎలక్ట్రీషియన్, జూన్‌లో మానేసి కుర్లాలో చేరాడు. గ్యారేజీలో కరెంటు పనులన్నీ వాడివే కాబట్టి ఇదీ వాడిదే అనుకున్నాడు. వాడి కొత్త సేఠ్‌కే ఫోన్ చేసి చెబుతానని జేబులో చెయ్యి పెట్టాడు.

పెద్దయ్య ముఖం చూశాను. ఏప్రిల్‌లో ఆ ఫ్యాను బిగించిన రోజు ఎదురుగా కౌంటరు దగ్గర నేనూ ఉన్నాను. రితేశ్ ఆ రోజు సెలవులో ఉన్నాడు. ఆ సంగతి గుర్తున్నది ఇద్దరికే, ఆయనకూ నాకూ. కారు రోగం కనిపెట్టింది ఆయనే, నౌకరీ నిలబడింది, ఎక్కడో కుర్లాలో ఉన్నవాడు నాలుగు తిట్లు తింటాడు, అంతే కదా అనుకున్నాను. ఊరుకోమని ఆయన కాలు నా కాలితో నొక్కాను. ఇప్పటికీ ఆ పని చేసినందుకు నాకు నా మీద కోపం.

“రితేశ్ కో మత్ బోల్,” అన్నాడు పెద్దయ్య. “తార్ మైనేచ్ జోడా.” వాణ్ణి అనొద్దు, వైర్లు తగిలించింది నేనే అని.

అతుల్ నమ్మలేదు. ఫ్యానుకు రెండూ నల్ల వైర్లే ఉన్నాయని, తగిలించి చూద్దామనుకున్నానని పెద్దయ్య చెప్పాడు. మరి గాలి ఎటు వస్తోందో చెయ్యి పెట్టి చూశావు కదా, తల ఊపావు కదా, నువ్వు ఊపితేనే కదా మూత మూశాం అని అతుల్ అడిగాడు.

పెట్టానని, ఏమీ తెలియలేదని, అయినా తల ఊపానని పెద్దయ్య చెప్పాడు. చెయ్యి మొద్దుబారి నాలుగేళ్ళయిందట. షుగరు వల్ల నరాలు పోయాయని సర్కారు ఆసుపత్రిలో చెప్పారట. అప్పటి నుంచి ఇంజిన్ చప్పుడు విని, వాసన చూసి, చెయ్యి ఊరికే తిప్పేవాడట.

అవతల కూర్చుని అంతా వింటున్న మేఘా లేచి వచ్చింది. ఆయన చెయ్యి అందుకుని, గ్రీజు సంగతి పట్టించుకోకుండా, అరచెయ్యి పైకి తిప్పి తన ఎడమచేతిలో పెట్టుకుంది. కళ్ళు మూసుకోమంది. కారు తాళంచెవి మొనతో ఒక్కో వేలూ ముట్టుకుంటూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని బడిపిల్లవాడిలా నిలబడ్డాడు. చూపుడువేలు మీద తాళంచెవి నొక్కుకుని చర్మం సొట్టపడింది. ఆయన ఏమీ అనలేదు. ఆవిడ తాళంచెవి తీసేసింది. గాల్లో ఉండగా, ఏదీ తగలకుండానే, “హా, అభీ,” అన్నాడు, ఇప్పుడు తగిలిందన్నట్టు.

ఆవిడ చాలాసేపు చెయ్యి వదల్లేదు. ఆయన కూడా తీసుకోలేదు. రత్నాబాయి పోయాక ఆ చేతిని ఎవరైనా అంతసేపు పట్టుకున్నారా అంటే, పట్టుకుని ఉండరు. ఆయనకు ఆ పట్టు కూడా తెలిసి ఉండదు, కళ్ళు తెరిచాక చూసి ఉంటాడు.

వైర్లు అటుదిటు మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. పేపరు ముక్క జాలీ మీంచి లేచి షెడ్డు కప్పు దాకా ఎగిరింది. ఆ కారు మళ్ళీ రాలేదు.

అతుల్ పొమ్మనలేదు. తండ్రి కాలం మనిషి కదా, మర్యాద చేశాడు. మర్నాడు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేయించి, వచ్చిన గిరాకీలతో మాట్లాడమన్నాడు. మా కౌంటరు నుంచి ఆ కుర్చీ నేరుగా కనిపించేది. బండ్లు ఆయన పక్కనుంచి లోపలికి పోయేవి. పని అయ్యాక జాలీల మీద పేపరు ముక్కలు ఎగరేసి చూసుకునేవాళ్ళు. ఎవరూ ఆయన్ని పిలవలేదు. పెద్దయ్య నాలుగు రోజులు కూర్చున్నాడు. అయిదో రోజు కుర్చీ ఖాళీగా ఉంది.

ఆదివారం పొద్దున గ్యారేజీలో మిగిలిపోయిన సున్నం డబ్బా తీసుకుని, మొదటిసారి ఆయన తలుపు తట్టాను. లోపల ఒక మంచం, ఒక స్టవ్, గోడకు రత్నాబాయి ఫొటో ఉన్నాయి. డబ్బా ఇచ్చినందుకు సంతోషించాడు. ఇంట్లోది అయిపోవచ్చిందన్నాడు.

“టీ పెడ్త, కూసో,” అని గిన్నె ఎక్కించాడు. ఎడమచేతి వేలితో తడి సున్నం తీసి గిన్నె అంచు మీద, పిడి మీద ఒక్కో చుక్క పెట్టాడు. అప్పుడు చూశాను ఆయన కుడి చేతి వేళ్ళ మీద పాత బొబ్బల మచ్చలు. ఎన్నోసార్లు కాలి, కాలినట్టు తెలియక, మళ్ళీ కాలిన చోట్లు. పిడి కాలిందో లేదో ఇప్పుడు ఆ చుక్కే తెల్లబడి చెప్పాలి.

“దిష్టి చుక్కలనుకున్నం కాకా,” అన్నాను.

“అననీ,” అన్నాడు. “అడిగినోళ్ళెవరు?”

రెండో గ్లాసు కోసం మంచం కింద వెతికాడు. దొరికినదాన్ని రెండుసార్లు కడిగాడు. టీ పొంగడానికి వస్తోంది, పిడి మీది చుక్క ఇంకా బూడిద రంగులోనే ఉంది. చుట్టూ అంచు మాత్రం సన్నగా తెల్లబడుతోంది. ఆయన గుడ్డ చేతిలో పట్టుకుని, గిన్నె వైపే చూస్తూ కూర్చున్నాడు. నేనూ చూస్తూ కూర్చున్నాను.