దూలానికి వేలాడిన పడవ

నిన్న హార్డ్‌వేర్ దుకాణంలో ఇనుప గిలక కిర్రుమంటే మా ఇంటి పడవ గుర్తొచ్చింది. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళారా, మీ ఇళ్ళలో కూడా పడవను దూలానికి వేలాడదీసేవారా?

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. పర్ణశాల దగ్గర మా పెంకుటింట్లో నాయన రెండు గిలకలు బిగించి, నైలాన్ తాడుతో చేపల పడవను పైకి లాగి, తాడు కొసను కిటికీ ఊచకు కట్టాడు. “ఎండకు చెక్క పగుల్తది” అన్నాడు. మరి ముసురు పట్టాక ఎండేదీ? పైగా అప్పుడప్పుడూ తలుపేసుకుని పడవ దించేవాడు. నేను తాడు ముట్టుకుంటే వీపు చిట్లేది.

“ఇప్పసారా దాస్తున్నడే. మీ నాయన దగ్గర వాసనొస్తుందేమో చూడు” అని అమ్మ నన్ను పంపేది. చేపల వాసన, బీడీ వాసన తప్ప ఏమీ తగిలేది కాదు. నాకూ అనుమానమే. మాకు పెట్టకుండా బెల్లం దాస్తున్నాడేమోనని!

ఒకరోజు నాయన సారపాక వెళ్ళగానే అమ్మా నేనూ పడవ దించాం. సీసా లేదు. ఒక పాలిథిన్ సంచిలో పట్టా కాగితాలు, పోయిందనుకున్న అమ్మ చీర, నా పాత లంగా, చెల్లి గౌను, అటుకులు, అగ్గిపెట్టె ఉన్నాయి. “ఈసారి గోదారి మన గడప దాకా రాదు” అని పొద్దున కూడా మాకు ధైర్యం చెప్పిన మనిషి!

అమ్మ సంచి రెండుసార్లు వెతికింది. మా ముగ్గురి బట్టలే ఉన్నాయి. ఆయనది ఒక్కటీ లేదు.

దండెం మీది నాయన చొక్కా, లుంగీ తీసి, మడిచి, అదే సంచిలో పెట్టింది.

“లాగు” అంది. “గట్టిగ కట్టు. నాయనకు చెప్పకు.”