నల్లగుర్రం, పదకొండు కాపీలు

మందుల షాపాయన షట్టరుకు తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. నాలుగడుగులు వేసి, మనసొప్పక వెనక్కొచ్చి ఇంకోసారి లాగుతాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నా అదే వరస. ఒకప్పుడు తను ఆడే కంప్యూటర్ ఆటలోకి, దాని రూపురేఖలు మార్చే ఏదో మోడ్ ఎక్కించబోతే ఆట మొత్తం చెడిపోయి, అందులో ఊరు కట్టుకున్న రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. అప్పట్నుంచి ఆ ఆటలో పూచికపుల్ల కదపాలన్నా ముందు ఫైళ్లన్నీ కాపీ తీయాల్సిందే. ఆ ఫోల్డర్లకు "ఒరిజినల్", "అసలు ఒరిజినల్", "ముట్టుకోవద్దు" అని పేర్లు. ఏది ఎప్పటిదో ఆయనకే తెలియదు.

ఈ ఆదివారం కూతురు, ఆటలో తన గుర్రం నల్లగా ఉండాలంది. రంగు మార్చేది చిన్న మోడే. పొద్దున మొదలుపెట్టిన కాపీ మాత్రం మధ్యాహ్నానికి ఆగిపోయింది. డిస్కులో చోటు లేదట.

"నాన్నా, నల్లబడిందా?"

"ఆగమ్మా, తొందరపడితే ఎలా?"

"పాతవి పదకొండున్నాయి కదండీ, అవి తీసేస్తే సరి!" అంది భార్య.

ఆయన మొహం వెలిగిపోయింది. "నిజమే సుమా!" అంటూ లేచి, చొక్కా తగిలించుకుని చెప్పులు వేసుకున్నాడు.

"ఇప్పుడెక్కడికి?"

"పెన్ డ్రైవ్ కొనుక్కొస్తా. తీసేసే ముందు వాటికో కాపీ ఉండొద్దూ!"