కంప్యూటర్‌కి కోడలు ఉండదు

ఆదివారం మా రైల్వే కాలనీ తంబోలాలో ఏం జరిగిందో ఈపాటికి మీ దాకా వచ్చే ఉంటుంది. అయినా నా నోట కూడా వినండి. వాళ్ళు చెప్పినదానికంటే నాది కాస్త తక్కువ ఘోరంగా ఉంటుంది.

ఏటా తంబోలా నడిపేది రిటైర్డ్ గార్డు సూర్యారావు గారు. స్టీలు డబ్బాలో ఒకటి నుంచి తొంభై దాకా నంబరు బిళ్ళలు వేసి, గలగలలాడించి తీస్తారు. వరసగా రెండేళ్ళు బహుమతి కుక్కరు ఆయన కోడలికే వచ్చింది. నేను ఎవర్నీ ఏమీ అనలేదు. ఊరికే ఇంటింటికీ వెళ్ళి, "ఆ డబ్బాలో ఏటుందో మనకేటి తెలుసు?" అన్నాను, అంతే. ఈసారి మీటింగులో మాత్రం లేచి, "నంబర్లు కంప్యూటర్ తీస్తుంది. కంప్యూటర్‌కి కోడలు ఉండదు!" అన్నాను. చప్పట్లు! సూర్యారావు గారు డబ్బాకి మూత పెట్టుకున్నారు.

ప్రోగ్రాం రాయడానికి ముగ్గురం కూడాం. నేను, బొగ్గు ఆఫీసులో చేసే అప్పలరాజు, ఉస్లాపూర్‌లో కంప్యూటర్ టీచరు సత్యవతి. ముగ్గురికీ ఉమ్మడిగా గుర్తున్న కంప్యూటర్ భాష కాలేజీ నాటి పాస్కల్ ఒక్కటే.

అప్పలరాజు రాసింది నడిపితే సున్నా పిలిచింది, తొంభై అసలు రానే లేదు. "ఒకటి కలుపు రాజూ," అని సత్యవతి సరిచేసింది. సత్యవతి రాసింది నడిపితే యాభై రెండు మళ్ళీ మళ్ళీ వచ్చింది. వచ్చిన నంబరుకి గుర్తు పెట్టమని అప్పలరాజు సరిచేశాడు. ఈ రెండు సంగతులూ అవతలి ఊరు బెల్తరా దాకా పాకాయి. ఎవరు చెప్పారో మరి!

చివర్లో సత్యవతి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నంబర్లని కలగలిపే లైను ఒకటుంది, రాండమైజ్. తప్పులు దొరకాలంటే ప్రతిసారీ అవే నంబర్లు అదే వరసలో రావాలి. అందుకని ఆ లైనుని బ్రాకెట్లలో పెట్టేశాను, కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. టెస్టింగ్ అయ్యాక బ్రాకెట్లు తీసేయండి. మర్చిపోరు కదా?"

"నేనేటి, అప్పలరాజునా?" అన్నాను.

వారం రోజులు సాయంత్రంపూట నంబర్లు గట్టిగా చదువుతూ టెస్టింగ్ చేశాను. వంటింట్లో మా ఆవిడ లక్ష్మి పోపు వేసుకుంటూ ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం. టికెట్లు బల్ల మీద పరిచి, ఎవరికి నచ్చింది వాళ్ళు ఏరుకోమన్నాం. లక్ష్మి చాలాసేపు ఏరింది.

మైకు నాదే. అరవై మూడు... పదిహేడు... ఎనభై ఒకటి... టికెట్లో నంబర్లన్నీ కొట్టేసి, అందరికంటే ముందు "ఫుల్ హౌస్!" అని కేక. ఎవరా అని చూస్తే మా ఆవిడే! కుక్కరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిజాయితీకి ఇలాగే ఫలితం దక్కుతుందనుకున్నాను.

రెండో ఆట. కొత్త టికెట్లు పంచి ప్రోగ్రాం మళ్ళీ నడిపాను. "అరవై మూడు!"

ముందు వరసలో పైడితల్లి పిన్ని తలెత్తింది. "ఏటర్రా, ఇందాకా మొదలెట్టింది దీంతోనే కదా?"

"అలా కలుస్తుంటాయి పిన్నీ," అన్నాను. "పదిహేడు!"

నేను మూడోది చూసేలోపే వెనక వరసలోంచి ఆడపిల్లలు హిందీలో అరిచారు. "అబ్ ఇక్యాసీ ఆయేగా!"

స్క్రీన్ మీద ఎనభై ఒకటి.

అక్కణ్ణుంచి నా మైకుతో పని లేకుండా పోయింది. హాలంతా నాకంటే ముందే నంబర్లు పిలుస్తోంది. తరవాత ఒక్కసారిగా అందరూ లక్ష్మి ఒళ్ళోని కుక్కరు వైపు చూశారు.

కిందికి దిగి, "ఏటే ఇది?" అని గొణిగాను.

"వారం రోజులూ అవే నంబర్లు చదివారు. ఆదివారం మాత్రం మారతాయని నాకెలా తెలుస్తాది?" అంది.

అప్పలరాజు స్క్రీన్ దగ్గరికి వచ్చి బ్రాకెట్లు చూశాడు, నన్ను చూశాడు. "నేనైతే తీసేవాణ్ణి," అన్నాడు.

సూర్యారావు గారు నెమ్మదిగా లేచి వచ్చారు. సంచీలోంచి స్టీలు డబ్బా తీశారు. దాన్ని వెంట ఎందుకు తెచ్చుకున్నారో ఎవరూ అడగలేదు. "అచ్ఛా బాబూ, కంప్యూటర్‌కి కోడలు లేదు. పెళ్ళాం ఉందన్నమాట," అన్నారు.

కుక్కరు వెనక్కి తీసుకున్నారు. డబ్బాతో ఆట మళ్ళీ మొదటినుంచి ఆడాం. కుక్కరు గెలిచింది సూర్యారావు గారి కోడలు. వరసగా మూడో ఏడు!

నాకు ఆ డబ్బా మీద ఇప్పటికీ అనుమానమే. కానీ ఆ మాట చెబుదామని ఏ ఇంటికి వెళ్ళినా, వాళ్ళు ముందుగా "అరవై మూడు" అంటున్నారు. టీ కూడా తాగకుండా వచ్చేస్తున్నాను.