పట్టనీ, ఆ తర్వాత పోనీ

పోయిన నెల ఒక పొద్దున, బడికి బయలుదేరుతూ కారు తాళాలు చేతిలోకి తీసుకున్నానో లేదో, అత్తయ్య ఫోన్ చేసింది. "అమ్మీ, మీ మావయ్య లెగట్లేదు. ఒకపాలి రా," అంది. అంతే. నిద్రలోనే వెళ్లిపోయారు మావయ్య. పుణ్యాత్ముడు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడని వచ్చినవాళ్లంతా అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండింది. కాస్త ఇబ్బంది పెట్టి ఉంటే ఏం పోయింది? ఒక్క రోజైనా దగ్గర కూర్చుని సేవ చేసుకునేవాళ్లం కదా!

ఆయన మా అమ్మకు తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, ఈ దీవుల్లోనే ఉండిపోయారు. సర్కారు వాహనాల వర్క్‌షాపులో పనిచేసి, రిటైరయ్యాక రంగత్‌లో ఇంటి వెనకే రేకుల షెడ్డు వేసుకున్నారు. మనుషులతో తెలుగు మాట్లాడేవారు, బళ్లతో మాత్రం హిందీ. బోల్టు మొరాయిస్తే "మాన్ జా బేటా, మాన్ జా" అని బతిమాలేవారు. అత్తయ్యను ఏనాడూ అలా బతిమాలి ఎరగరని ఆవిడ దెప్పేది.

ఇక నా కారు సంగతి. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కలేను. నేను పాఠం చెప్పే బడి కొండకు అవతల ఉంది, బస్సు మెట్టు ఎక్కడం నాకు రోజూ ఒక యుద్ధం. బదిలీ అయి వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత ఆటోమేటిక్ కారు ఉందని తెలిసి మావయ్యే ఇప్పించారు. అప్పట్లో మా చుట్టుపక్కల అలాంటిది ఇంకొకటి లేదు. ఒకరి చెయ్యి పట్టుకోకుండా నేను ఇల్లు దాటింది ఆ కారులోనే.

కొన్నేళ్లకు దాని ఇంజన్ పోయింది. అలాంటి ఇంజన్ ఎక్కడా దొరకలేదు. చెట్టు విరిగిపడి నుజ్జయిన ఒక జీపులోంచి అదే కంపెనీ ఇంజన్ దొరికింది కానీ, అది పాతదానికంటే బాగా బలమైనది. ఆ జీపు గేర్‌బాక్స్ కూడా కలిపి బిగించెయ్యమని అందరూ సలహా ఇచ్చారు. దానికి క్లచ్ ఉంది. మావయ్య తల అడ్డంగా ఊపారు. "అప్పుడది బండి అవుద్ది గానీ, మా అమ్మీ బండి అవదు కదా భయ్యా," అన్నారు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల గుండ్రటి ప్లేట్లు ఉంటాయి. ఒకటి నున్నటి ఉక్కు, ఒకటి గరుకు కాగితం అంటించినది, ఒకదాని తర్వాత ఒకటి. ఆయిల్ వాటిని నొక్కుతుంది, అవి ఒకదాన్నొకటి పట్టుకుంటేనే చక్రం తిరుగుతుంది. ఇంజన్ బలం పెరిగితే ఆ పట్టు చాలదు, ప్లేట్లు జారి మాడిపోతాయి. "బలం ఇవ్వడం సులువే అమ్మీ. పట్టు ఇవ్వడమే కష్టం," అనేవారు మావయ్య. విశాఖలో ఉన్న పాత స్నేహితుడితో ఫోనులో గంటలకొద్దీ మాట్లాడి, పలచటి ఉక్కు ప్లేట్లు వేసి, మిగిలిన చోటులో గరుకు ప్లేట్లు ఎక్కువ పట్టించారు. ఆయిల్ గట్టిగా నొక్కేలా స్ప్రింగు మార్చారు. ఆయిల్ వేడెక్కకుండా కారు ముందు భాగాన ఒక లారీ కూలర్ తగిలించారు. కారుకి మూతి పొడుచుకొచ్చింది. పిల్లలు దాన్ని మొసలి అనేవారు.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, ఆ ప్లేట్లు ఓడలో వచ్చాయి. దించేటప్పుడు వాన, పెట్టె మొత్తం తడిసిపోయింది. ఓడ సరుకు తడవడం మా దీవుల్లో వింత కాదు. బియ్యమైనా బట్టలైనా పుస్తకాలైనా ఎండలో ఆరబెట్టి వాడుకుంటాం. మావయ్యా అదే చేశారు. రేకుల మీద ఒక పక్క ఎండు చేపలు, ఒక పక్క గేర్‌బాక్స్ ప్లేట్లు. కాకులు తోలే పని అత్తయ్యది.

కారు బ్రహ్మాండంగా నడిచింది, కొన్నాళ్లే. ఒక పొద్దున బడికి ముందు వచ్చే ఎత్తు మీద ఇంజన్ గర్జిస్తోంది, కారు మాత్రం వెనక్కి జారుతోంది. వెనక లోయ. బ్రేకు మీద నిలబడినంత పని చేసి, ఎలాగో కారును కొండ పక్కకు ఆనించాను. మావయ్యకు ఫోన్ చేశాను.

మావయ్య ఎవరిదో స్కూటరు మీద వచ్చారు. ఆయిల్ చూసే కడ్డీ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మాడు వాసన తగిలి కళ్లు మూసుకున్నారు. షెడ్డులో విప్పి చూస్తే ప్లేట్ల మీద కాగితం ఉల్లిపొరలా ఊడి వస్తోంది. "ఎండకి పైతడే ఆరింది. లోన జిగురు తాగేసిన నీరు ఎలా ఆరుద్ది? నాకు తట్టనేదు," అన్నారు. బజారులో అడిగిన ప్రతివాడికీ "తప్పు నాదే" అని చెప్పారు. ఆ వయసులో అలా చెప్పగలిగినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

నేను మాత్రం ఇక ఆ కారు ఎక్కనని తేల్చి చెప్పేశాను. కొండ దాటక్కర్లేని బడి చూసుకుని పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ పెట్టుకుంటానన్నాను. మావయ్య వాదించలేదు. "ఠీక్ హై అమ్మీ. పని నేను చేస్తాను. ఎక్కడం, ఎక్కకపోవడం నీ ఇష్టం," అన్నారు.

ఈసారి ప్లేట్లు ఓడలో పనిచేసే తెలిసినాయన తన గదిలో పెట్టుకుని తెచ్చాడు. బిగించే ముందు వాటిని గేర్‌బాక్స్‌లో పోసే ఎర్రటి ఆయిల్లో నానబెట్టాలి. మావయ్య వంటింట్లోంచి అత్తయ్య బేసిన్ ఎత్తుకొచ్చారు.

"అది నా ఆవకాయ బేసిను!" అత్తయ్య అరిచింది.

"ఇదీ ఆవకాయే. ఊరాలి," అన్నారు మావయ్య.

బిగించిన మర్నాడు కారు నిండా సిమెంటు బస్తాలు వేశారు. నేను వరండాలోంచి చూస్తున్నాను. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి, తన ఎడమ కాలిని సీటు కమ్మీకి కట్టేసుకున్నారు. అలాగే కొండెక్కారు. ఎత్తు మధ్యలో ఆపడం, మళ్లీ కదిలించడం, మళ్లీ ఆపడం. దిగి వచ్చాక ఆ కాలు ఎందుకు కట్టుకున్నారని అడిగాను.

"ఈ కాలు ఊరుకోదమ్మీ, భయమేస్తే క్లచ్చు ఎతుక్కుంటాది. నీకు ఆ సుఖం నేదు కదా. నీలాగ తోలి సూసుకుంటేనే కదా నీ చేతికిచ్చేది."

నా కాలిని చూసి జాలిపడ్డవాళ్లను చూశాను, చూడనట్టు నటించినవాళ్లను చూశాను. ఆ కాలు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఒక మనిషి తన కాలు కట్టేసుకోవడం అదే మొదటిసారి. అక్కడే నిలబడి ఏడ్చేశాను. మావయ్యకు ఏం చెయ్యాలో తోచక తువ్వాలు నా చేతికిచ్చారు. దాని నిండా ఎర్ర ఆయిలు మరకలు.

బదిలీ పెట్టుకోలేదు. మర్నాడు ఆ ఎత్తు మీద ఆయన నా పక్కన కూర్చున్నారు. గేరు లివరు వేశాక వెంటనే బ్రేకు వదలనివ్వలేదు. "ఆరామ్‌సే. ముందు పట్టనీ, ఆ తర్వాత పోనీ," అన్నారు. లోపల ప్లేట్లు కలిసినప్పుడు కారుకు చిన్న కుదుపు వస్తుంది. అది వచ్చేదాకా ఆగాలి. "పట్టిందా?" అని అడిగేవారు. నేను పట్టిందన్నాకే తల ఊపేవారు. ఆ తర్వాత ఎన్నేళ్లు నా పక్కన కూర్చున్నా అదే ప్రశ్న. విసుక్కున్న రోజులూ ఉన్నాయి.

అస్థికలు సముద్రంలో కలిపే రోజున కర్మ చేస్తున్న మా తమ్ముడు వేరే బండిలో ముందు వెళ్లాడు. ముంత మాత్రం అత్తయ్య ఎవరికీ ఇవ్వలేదు. నా కారులోనే వస్తానంది. ఉతికి ఉతికి వెలిసిపోయిన ఆ తువ్వాల్లో ముంత చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఎర్ర మరకలు ఇంకా పోలేదు.

బడి ఎత్తు మీద ఎదురుగా లారీ వస్తే ఆపాల్సి వచ్చింది. లారీ వెళ్లిపోయింది. లివరు వేసి, బ్రేకు మీద కాలు ఉంచి ఆగాను. నాకు ఎదురుగా రోడ్డు సరిగ్గా కనబడటం లేదు. అత్తయ్య ముంత మీద రెండు చేతులూ వేసి, ముందు అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ మెల్లగా అడిగింది.

"పట్టిందా అమ్మీ?"

చిన్న కుదుపు వచ్చింది.

"పట్టింది అత్తా," అన్నాను.