వంటింటి బల్బు మసకబారని రోజు

అగ్గిపెట్టె కొన్నా ఒక పుల్ల గీసి చూసుకుంటే తప్ప జేబులో వేసుకోని మనిషి మన మేస్త్రి. అలాంటివాడు వెల్డింగ్ మెషిను కొనడానికి బయలుదేరితే షాపు ఓనరు గతి ఏమవుతుందో ఊహించుకోండి. వరసగా మూడో రోజు కూడా మేస్త్రి చంకలో సంచితో గుమ్మం ఎక్కేసరికి ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు. సంచిలో విరిగిన నాగలి ముక్క ఒకటి, సొంత రాడ్లు గుప్పెడు. షాపువాళ్ల కొత్త ఇనుము మీద ఎవడైనా అతుకు వేస్తాడు, తుప్పు పట్టినదాని మీద వేసి చూపించమని మేస్త్రి పట్టు.

"ఇదిగో, ఇన్వర్టరు మెషిను. భుజానికి తగిలించుకుని చేలోకి నడిచిపోవచ్చు. బోరు మోటారు దగ్గర కరెంటు నీరసంగా ఉన్నా పనిచేస్తుంది," అన్నాడు ఓనరు.

మేస్త్రి ఆ పెట్టెను ఒంటిచేత్తో ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "లోపల ఏమైనా ఉందా అసలు?"

"ఉందయ్యా బాబూ. ఇంకో సంగతి. అతుకు వెయ్యడం ఆపగానే రాడ్డు పట్టే హోల్డర్లో కరెంటు దానంతటదే తగ్గిపోతుంది. మీ నాన్న రోజుల్లో ఇలాంటివి ఎక్కడివి?"

మేస్త్రి పెట్టెను మెల్లగా కింద పెట్టాడు. అతని తండ్రి కూడా వెల్డరే. ఇరవై ఎనిమిదేళ్ల కిందట, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, తమ ఇంటి షెడ్డులోనే తడి నేల మీద నిలబడి, తొడుగు ఊడిన హోల్డరు పట్టుకోగానే కరెంటు కొట్టి పోయాడు. మేస్త్రికి అప్పుడు పదేళ్లు.

అయినా మేస్త్రి మెషిను మార్చాలనుకున్నది భయంతో కాదు, రైతుల పోరు పడలేక. దుక్కి ముమ్మరంగా సాగేటప్పుడే నాగళ్లు విరుగుతాయి, అదీ చేను నడిమధ్యలో. విరిగినదాన్ని షెడ్డు దాకా లాక్కురావాలంటే ఒక పూట పోతుంది. మేస్త్రి దగ్గరున్నదా, నలుగురు ఎత్తితేగానీ కదలని, నూనె పోసి చల్లబరిచే పాత మెషిను. దానితో రాడ్డు గీశాడంటే ఇంట్లో కరెంటు ఒక్కసారి నీరసపడుతుంది. దాన్ని చేలోకి మోసుకుపోయినా అక్కడి కరెంటుకి మూలగడం తప్ప ఏమీ చేయదు. ఎప్పుడూ పని తెచ్చే ట్రాక్టరు రైతు మొన్న మొహమాటం వదిలేశాడు. "నువ్వు చేలోకి రాకపోతే మా దారి మేం చూసుకుంటాం మేస్త్రీ. ఏమీ అనుకోకు." పక్కూరి వెల్డరు అప్పటికే మోటారు సైకిలు వెనక మెషిను కట్టుకుని తిరుగుతున్నాడట.

తుప్పు ముక్క మీద అతుకు కుదిరింది. సుత్తితో పది దెబ్బలు వేసినా ఊడలేదు. "రెండు రోజులు ఇంట్లో వాడి చూడు, నచ్చకపోతే తెచ్చెయ్," అన్నాడు ఓనరు, పీడ విరగడవుతుందన్న ఆశతో.

మేస్త్రి ఇంట్లో ఉండేది అతనూ అక్కా, ఇద్దరే. అతని కంటే ఆరేళ్లు పెద్ద. తల్లి ముందే పోవడంతో తమ్ముణ్ని పెంచింది ఆమే. ఆరేళ్ల వయసులో జ్వరమొచ్చి ఆమెకు వినికిడి పూర్తిగా పోయింది. మాట వచ్చుగానీ, తన గొంతు తనకే వినపడని మనిషి దాన్ని బయటికి తీయదు. ఇద్దరికీ సొంత సైగలున్నాయి, వాటితోనే పోట్లాడుకుంటారు కూడా.

పోట్లాటలు ముఖ్యంగా రెండు. మొదటిది బల్బు గురించి. ఇల్లంతా తెల్లటి కొత్త బల్బులు పెట్టినా వంటింట్లో మాత్రం పాతకాలపు తీగ బల్బే ఉండాలంటుంది అక్క. పట్టపగలు కూడా అది వెలుగుతూనే ఉండాలి. ఆ బల్బులు ఎక్కడా దొరక్క మేస్త్రి చెప్పులు అరగదీసుకుంటున్నాడు. రెండోది పొయ్యి మీద నీళ్ల గురించి. పొద్దస్తమానం అవి సన్నటి మంట మీద మరుగుతూనే ఉంటాయి. గ్యాసు తగలేస్తున్నావని ఇతను, నీ పని నువ్వు చూసుకో అని ఆమె. ఒక్క విషయంలో మాత్రం మేస్త్రి నోరెత్తలేడు. షెడ్డులో హోల్డరు కింద పెట్టిన మరు నిమిషానికి టీ చేతికొస్తుంది. ఇరవై ఏళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. "మా అక్కకి చెవుల్లేకపోతేనేం, గడియారం మింగేసింది," అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ రోజు అక్కకి చెప్పకుండా కొత్త మెషిను షెడ్డులో పెట్టి, మాస్కు దించుకుని, విరిగిన గొర్రుకి అతుకు మొదలుపెట్టాడు. రాడ్డు వెన్నలో వేలు గీసినంత సులువుగా నడిచింది. ఒక రాడ్డు అయింది, రెండు, నాలుగు. ఇరవై ఏళ్లు ఆ భూతంతో ఎందుకు కుస్తీ పట్టానా అని తనను తానే తిట్టుకున్నాడు. ఐదో రాడ్డు తగిలిస్తుండగా వీపు వెనక గ్లాసు భళ్లున పగిలింది.

గుమ్మంలో అక్క. కాళ్లకు చెప్పుల్లేవు. రెండడుగుల్లో వచ్చి, అతని చొక్కా పట్టుకుని, అరచెయ్యి గుండె మీద గట్టిగా ఆనించింది. అలాగే కాసేపు ఉంచింది. ఆ తర్వాత చెంప ఛెళ్లుమనిపించింది.

మేస్త్రి నిర్ఘాంతపోయాడు. తండ్రి పోయిన నాటినుంచి ఆమె అతని మీద చెయ్యి చేసుకున్నది లేదు. ఏం జరిగిందక్కా అని సైగ చేయబోతే, మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. పొయ్యికి ఎదురుగా ఉన్న ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి బల్బు చూపించింది. అది నిండుగా, నిలకడగా వెలుగుతోంది.

"మసక లేదు," అంది.

ఎన్నేళ్లకో విన్నాడు అక్క గొంతు. అది బొంగురుగా, ఎవరిదో పరాయి మనిషిదిలా ఉంది.

తర్వాత సగం మాటల్తో, సగం వేళ్లతో చెప్పుకొచ్చింది. అతను రాడ్డు గీస్తే ఈ తీగ బల్బు మసకబారుతుంది, ఆపితే తేరుకుంటుంది; కొత్త తెల్ల బల్బుల్లో ఆ తేడా కనపడదు. అలా మసకబారినంతసేపూ తమ్ముడు బతికున్నట్టే. ఈ రోజు అతను పని పట్టుకుని షెడ్డులోకి వెళ్లి పావుగంటైనా బల్బు మసకబారలేదు. కొత్త మెషిను కరెంటు అంతగా లాగదని ఆమెకేం తెలుసు?

"నాన్న రోజు," అంది. "బల్బు మసక ఆగింది. పని ఆపాడనుకున్నా. టీ పెట్టా. నీళ్లు మరగాలి కదా. టీ తీసుకునే వెళ్లా."

మేస్త్రి పొయ్యి వంక చూశాడు. గిన్నెలో నీళ్లు మరుగుతూనే ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా తాను తాగింది టీ అనుకున్నాడు. అతను హోల్డరు దించిన ప్రతిసారీ, రోజుకు ఇన్నిసార్లు, ఈమె గ్లాసు అడ్డం పెట్టుకుని శవాన్ని చూడ్డానికి సిద్ధపడి వచ్చింది.

"నీ తప్పేముందక్కా," అని నోటితోనూ చేత్తోనూ అన్నాడు.

"నాన్న పోయినప్పుడు మేనత్త అంది. దీనికి చెవులుంటే మనిషి దక్కేవాడని."

ఆ మాట అన్నప్పుడు అతను అత్త పక్కనే ఉన్నాడు. అక్కకి వినపడదులే, అదృష్టం అనుకున్నాడు. పదేళ్ల వయసునాటి ఆ ఊరటను ఇన్నేళ్లూ అలాగే దాచుకున్నాడు.

"పెదాలు చూశా," అంది అక్క.

మర్నాడు మేస్త్రి షాపు గుమ్మం ఎక్కగానే ఓనరు తల పట్టుకున్నాడు. "నచ్చలేదా?"

"మెషిను ఉంచుకుంటాను. ఇంకో మాస్కు కావాలి. కాస్త చిన్న తలకి సరిపోయేది."

ఆ వారమే ట్రాక్టరు రైతు చేలో నాగలి విరిగింది. కొత్త పెట్టె భుజాన వేసుకుని మేస్త్రి, రాడ్ల సంచితో అక్క బయలుదేరారు. ఈవిడెందుకన్నట్టు రైతు కనుబొమలు ఎగరేస్తే మేస్త్రి చూడనట్టే ఊరుకున్నాడు. బోరు షెడ్డు పక్కన పొడి నేల చూసి, అక్కను బారెడు దూరంలో కూర్చోబెట్టి, మాస్కు తొడిగాడు. ఇన్నేళ్లూ గోడకి ఇవతల బల్బులో ఆ పని నీడనే చూసిన మనిషి, మొదటిసారి నల్లద్దంలోంచి అసలు మంటను, దాని అంచున తమ్ముడి చేతినీ చూసింది.

మేస్త్రి రాడ్డు తర్వాత రాడ్డు గీస్తూ పోయాడు. మూడోది అయిపోతుండగా చెయ్యి చాపబోయేసరికి, కొత్త రాడ్డు అప్పటికే అరచేతిలో ఉంది. తర్వాతదీ అంతే. రాడ్డు ఎంతసేపు కాలుతుందో అతని కంటే ఆమెకే బాగా తెలుసు.

పనైపోయింది. మాస్కు పైకెత్తి, చెమట తుడుచుకుని, అలవాటుకొద్దీ చెయ్యి చాపాడు. "టీ ఏదక్కా?"

అక్క సంచిలో వెతికింది. ఫ్లాస్కు లేదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి, ఇంట్లోనే మరచిపోయింది.