నీళ్ళ ముందు ఆగిన మనిషి

మంగళవారం పొద్దున ఆఫీసు కార్‌పార్కులో ఉండగా పక్కింటి అక్క ఫోన్ చేసింది. "బాపు పోయిండు" అంది. నేను సీటుబెల్టు తీయకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాకు డ్రైవింగ్ నేర్పింది వాళ్ళ నాన్నగారే.

నేనాయన్ని అంకుల్ అనేదాన్ని. జగిత్యాల వైపు మనిషి. మస్కట్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు స్కూలు బస్సు నడిపి, అరవై దాటాక ఐర్లాండులోని ఎన్నిస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చారు. అక్కడి లైసెన్సు ఇక్కడ చెల్లదంటే, కారుకు ఎల్ బోర్డు అంటించుకుని మొదటి నుంచి నేర్చుకున్నారు. తొలిసారి టెస్టు తప్పారు. "మరీ నిమ్మళంగ నడుపుతున్ననట బిడ్డా!" అని తానే అందరికీ చెప్పి నవ్వేవారు. రెండోసారి పాసయ్యారు.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో, డ్రైవింగ్ సరిగా రాకుండానే, ఒక మలుపులో కారును గోడకు గుద్దేశాను. ఆ తర్వాత స్టీరింగ్ ముట్టుకోవాలంటేనే భయపడేదాన్ని. ఆదివారాలు ఆయన నా పక్క సీట్లో కూర్చోవడం అప్పుడే మొదలైంది. బయల్దేరే ముందు నాలుగు టైర్లనూ అరచేత్తో తట్టేవారు, పసిపిల్లల్ని నిద్ర లేపినట్టు. నేను వేగం పెంచితే తిట్టేవారు కాదు. "తొందర నీ ఒక్కదానిది. రోడ్డు అందరిది" అనేవారు, అంతే.

సన్నటి వానలో, పచ్చటి పొదల మధ్య వెళ్తూ ఆయన మస్కట్ గురించి చెప్పేవారు. "అక్కడి కొండల మీద గడ్డిపోచ గూడ ఉండదు. పొద్దుగాల ఊదారంగుల ఉంటయి, పగటీలికి ఇటుకల లెక్క అయితయి. వాటి నడుమ ఊరు తెల్లగ పండుకొని ఉంటది." ఆ గొంతు వింటుంటే, తడి అద్దం అవతల మా క్లేర్ కౌంటీ పొలాలు చెరిగిపోయి, నేనెన్నడూ చూడని ఆ ఎడారి ఊరు మెల్లగా తేలి వచ్చేది.

ఒకరోజు అక్కడి వాగు సంగతి చెప్పారు. కొండల నుంచి దిగి రోడ్డుకు అడ్డంగా పోయే వాగు. ఏడాదంతా ఎండి, ఇసుకతో ఉంటుంది. ఓ మధ్యాహ్నం బస్సు నిండా పిల్లలతో దాని దగ్గరికొచ్చారు. ఊళ్ళో ఎండ. కొండల మీద మాత్రం మబ్బు. వాగులో పాదం మునిగేంత నీళ్ళే ఉన్నా ఆయన బస్సు ఆపేశారు. వెనక హారన్లు మోగాయి. ఒక పికప్ బండి ఆయన్ని దాటి వాగులోకి దిగింది. అంతలో పైనుంచి ఎర్రటి నీరు గోడలా వచ్చింది. బండి మళ్ళీ కనబడలేదు.

"పిల్లల్ని కాపాడినవని అందరు మెచ్చుకున్నరు. గాని ఆ బండాయన నన్ను దాటి పోతుంటే నేను సీట్లనే కూసున్న. దిగి చెయ్యి అడ్డం పెడ్తే ఆగేటోడేమో" అన్నారు.

రెండేళ్ళ కిందట, చలికాలంలో, మూడు రోజులు ఆగకుండా వాన కురిసింది. ఆదివారం మేం వెళ్తున్న రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి. ఆకాశం అందులో పడి అడుగు కనబడటం లేదు.

"ముందు కారు వెళ్ళిపోయింది కదా, అంకుల్" అన్నాను.

"ఆపు!" ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి.

పసుపు జాకెట్ వేసుకుని, వానలో రోడ్డు మధ్యకు వెళ్ళి చెయ్యెత్తి నిలబడ్డారు. వెనకొచ్చిన కారాయన అద్దం దించి, "యూ ఆర్ గ్రాండ్, ఏం కాదులే, పక్కకు జరుగు" అన్నాడు. వెనక సీట్లో ఇద్దరు చిన్నపిల్లలు. "నో. ప్లీజ్. వెయిట్" అన్నారు అంకుల్. అతను అరిచినా, హారన్ కొట్టినా కదల్లేదు. కాసేపటికి గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి పొడవాటి కర్రతో నీళ్ళలో పొడిచి చూశారు. అడుగున రోడ్డు సగం కొట్టుకుపోయింది. కారాయన దిగొచ్చి, అంకుల్ తడి చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. అంకుల్ పిల్లల పేర్లు అడిగారు.

కార్లో కూర్చున్నాక వణుకుతూనే, "ఈసారి దిగిన బిడ్డా" అన్నారు. నేను హీటర్ పెంచాను. ఇద్దరం ఏడ్చాం.

మొన్న శుక్రవారం ఆయన్ని తీసుకెళ్ళే బండి వెనక నేనే కారు నడిపాను. అక్క నా పక్కన ఉంది. ఊరి బయట పాలు పితికే వేళకు ఇంటికి పోతున్న ఆవుల మంద రోడ్డు దాటుతోంది. రైతు మమ్మల్ని చూసి టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. అందరం ఇంజన్లు ఆపాం. ఆవులు ఒక్కొక్కటే, ఊపిరి పొగలు వదులుతూ, మంచులోకి నడిచి వెళ్ళాయి. ఎవరూ తొందరపడలేదు.