దోస్తు అప్పు అని చెప్పి జనగామ పోయిన

ఇయ్యాల జనగామ కోర్టు కాడ, అప్పులపాలైనోళ్లకు పైసలు తీసుకోకుంట సలహా చెప్పే గదికి పోయిన.

అప్పు కింద నా పట్టా పాస్ బుక్కు షావుకారు దగ్గరుంది. ఈ వానకాలం నీ చెలుక నేనే దున్నుకుంట అన్నడాయన. అది చెప్పుకోను సిగ్గైంది. అందుకే అక్కడ కూసున్న వకీలమ్మతోని, మా దోస్తుకు గిట్లైంది బిడ్డా అన్న.

ఆమె అంత రాసుకున్నది. "బుక్కు ఆయన ఇంట్ల ఉంటే భూమి ఆయనది కాదు బాపు. అప్పు కట్టాల్సిందే గని, కిస్తీల మీద కట్టచ్చు. ఇద్దర్ని పిలిచి ఈడ్నే మాట్లాడిపిస్తం. మీ దోస్తును దున్నుకొమ్మను."

"ఖర్చెంతైతది?"

"ఏం కాదు. దరఖాస్తు మీద ఆయన సంతకం కావాలె. ఎప్పుడొస్తడు?"

కలం అడిగిన. ఆమె నవ్వలే. కాయితం నా దిక్కు జరిపి, సంతకం ఏడ పెట్టాల్నో వేలుతోని చూపింది.

వచ్చేటప్పుడు బస్సుల నిద్రపట్టి మా ఊరు దాటిపోయిన. రెండు నెలల సంది అసుంటి నిద్ర లేదు. ఎనుకకు నడిచొచ్చిన గని కోపం రాలే.

మీరెవరన్న గిట్ల దోస్తు పేరు చెప్పిన్రా, నేనొక్కన్నేనా?